జీతం పడదు.. గోల్ మాత్రం పడాలి!

2025 డిసెంబర్ 13 రాత్రి గుర్తుందా? ఉప్పల్ స్టేడియంలో లియోనెల్ మెస్సీ. పక్కన సువారెజ్, డి పాల్. మన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా జెర్సీ వేసుకుని దిగి బంతి తన్నారు. ఆ రాత్రి వాట్సాప్ స్టేటస్ చూస్తే మెస్సీ, ఇన్‌స్టా తెరిస్తే మెస్సీ. హైదరాబాద్‌లో ఇంతమంది ఫుట్‌బాల్ అభిమానులున్నారా అని మనకే డౌటొచ్చింది.

దానికి సరిగ్గా ఐదు రోజుల ముందు ఇంకో సంగతి జరిగింది. దాని మీద రీల్స్ రాలేదు. డిసెంబర్ 8తో ఇండియన్ సూపర్ లీగ్‌ని నడిపిన 15 ఏళ్ల ఒప్పందం ముగిసిపోయింది. దాని స్థానంలో కొత్తది లేదు. సెప్టెంబర్‌లో మొదలవ్వాల్సిన సీజన్ మొదలే కాలేదు. కొన్ని క్లబ్బుల్లో ఆటగాళ్లకు ఆగస్టు నుంచే జీతాలు ఆగాయి. మెస్సీ కోసం మనం టికెట్లు వెతుక్కుంటున్న వారంలోనే, మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతికేవాళ్లు 'మాకు ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా?' అని అడుగుతున్నారు.

ఈ వారం ముచ్చట అదే. ఆటగాళ్లకూ ఓనర్లకూ మధ్య జీతాల గొడవ. ఈ మాట వినగానే 'కోట్లు సంపాదించేవాళ్లకు గొడవలేంటి బ్రో' అనిపిస్తుంది. యూరప్ స్టార్ల విషయంలో అది కొంత నిజమే కావచ్చు. కానీ మన దగ్గర ఈ గొడవ జరిగింది గచ్చిబౌలిలో. మీ ఆఫీసు నుంచి పది నిమిషాల దూరంలో.

కప్పు గెలిచిన రెండేళ్లకే

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. పుట్టింది అనడం కన్నా మారింది అనాలి. అప్పటిదాకా ఎఫ్‌సీ పుణె సిటీ అనే టీమ్ ఉండేది. అది ఆర్థికంగా చతికిలబడి మూతపడితే, దాని స్థానంలోకి మన ఊరి పేరుతో ఈ క్లబ్ వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని ఓనర్లు. హోమ్ గ్రౌండ్ గచ్చిబౌలి జీఎంసీ బాలయోగి స్టేడియం.

మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన టీమ్, మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక పూర్తిగా మారిపోయింది. 2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్, స్టేడియం నిండా పసుపు జెర్సీలు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. ఆ సీజన్‌లో ఒగ్బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. తర్వాతి ఏడాది లీగ్ పట్టికలో రెండో స్థానం.

ఇక 2023-24 సీజన్‌కి రండి. 22 మ్యాచ్‌లు, ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. రెండేళ్ల కింద చాంపియన్ అయిన టీమ్ ఆట మర్చిపోయిందా? లేదు. నెలల తరబడి జీతాలు పడలేదు.

బకాయిల కేసుల్లో ఫిఫా ఆ క్లబ్‌పై ట్రాన్స్‌ఫర్ బ్యాన్ వేసింది. అంటే కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకోవడానికి వీల్లేదు. కోచ్ కానర్ నెస్టర్ వెళ్లిపోయాడు. విదేశీ ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు బ్యాగులు సర్దుకున్నారు, కెప్టెన్ జువావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. 2024 జనవరిలో ట్రాన్స్‌ఫర్ విండో తెరుచుకోగానే మన వాళ్లు కూడా కదిలారు. నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సనా సింగ్ బెంగళూరుకు, మహమ్మద్ యాసిర్ గోవాకు. మిగిలిన కుర్రాళ్లను పెట్టుకుని కోచ్ థాంగ్‌బోయ్ సింగ్తో సీజన్ లాక్కొచ్చాడు.

ఆ కుర్రాళ్ల గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. బ్యాన్ వల్లే చాలామందికి ఐఎస్ఎల్‌లో ఆడే చాన్స్ వచ్చింది. కొత్తవాళ్లను కొనడానికి లేదు కాబట్టి ఉన్నవాళ్లే ఆడాలి. టీవీలో వస్తున్నారు, ఊళ్లో పేరొస్తుంది, ఇంట్లో అమ్మానాన్నలు సంబరపడుతున్నారు. కానీ ఆడుతున్న క్లబ్‌లో నెల తిరిగితే జీతం పడుతుందన్న గ్యారంటీ లేదు. ఇంటికి డబ్బులెప్పుడు పంపుతావని అడిగితే ఏం చెప్పాలి? మ్యాచ్ ఓడితే మాత్రం కామెంట్లలో తిట్లన్నీ వాళ్లకే.

2024లో క్లబ్ బీసీ జిందాల్ గ్రూప్ చేతికి పోయింది. 2025లో అదే క్లబ్ ఊరు మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యింది. పుణె, హైదరాబాద్, ఢిల్లీ. ఆరేళ్లలో మూడు ఊళ్లు, మూడు పేర్లు. ఓనర్ మారొచ్చు, పేరు మారొచ్చు, ఊరు మారొచ్చు. వాటిలో ఏదీ ఆటగాడిని అడిగి జరగదు.

రూల్ ఉంది.. కానీ గుమ్మాలు రెండు

మరి రూల్స్ లేవా? ఉన్నాయి. బాగానే ఉన్నాయి కూడా.

ఫిఫా నిబంధనల్లో 14 బిస్ అని ఒక ఆర్టికల్ ఉంది. 2018లో వచ్చింది. సింపుల్‌గా చెప్తా. క్లబ్ కనీసం రెండు నెలల జీతం ఎగ్గొడితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీస్ ఇవ్వాలి. బాకీ తీర్చడానికి కనీసం 15 రోజుల గడువివ్వాలి. అప్పటికీ కట్టకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు. తప్పు క్లబ్‌దే అవుతుంది. పాత బకాయి ఎలాగూ రావాలి. దానిపైన మిగిలిన కాంట్రాక్ట్ కాలానికి నష్టపరిహారం అడగొచ్చు. ఈలోగా కొత్త క్లబ్‌లో చేరి సంపాదించింది అందులోంచి తీసేస్తారు. క్లబ్ కట్టనంటే ట్రాన్స్‌ఫర్ బ్యాన్ పడుతుంది, అది మూడు విండోల దాకా పోవచ్చు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఇది వినడానికి కలలా ఉంటుంది. మన దగ్గర రెండు నెలలు జీతం రాకపోయినా, వెళ్లిపోతామంటే ముందు 'నోటీస్ పీరియడ్ సర్వ్ చేయి' అంటారు. రిలీవింగ్ లెటర్ ఆపుతారు. ఫుల్ అండ్ ఫైనల్ కోసం హెచ్ఆర్‌కి మెయిల్స్ పెట్టీ పెట్టీ మనమే విసిగిపోతాం. ఆ లెక్కన ఫుట్‌బాలర్ నయం కదా అనిపిస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఫిఫా ట్రిబ్యునల్ మామూలుగా చూసేది అంతర్జాతీయ కోణం ఉన్న గొడవలు. అంటే ఇండియన్ క్లబ్‌లో ఆడే స్పెయిన్ ఆటగాడో, బ్రెజిల్ ఆటగాడో అక్కడికి వెళ్లొచ్చు. ఇండియన్ క్లబ్‌లో ఆడే ఇండియన్ ఆటగాడి కేసు ఇక్కడే, ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్‌లోని ప్లేయర్స్ స్టేటస్ కమిటీ ముందుకు పోతుంది.

డ్రెస్సింగ్ రూమ్ ఒకటే. జెర్సీ ఒకటే. ఎగ్గొట్టిన ఓనర్ ఒకరే. న్యాయం కోసం తట్టే తలుపులు మాత్రం రెండు. ఒకరికి జ్యూరిక్ తలుపు, ఇంకొకరికి ఢిల్లీ తలుపు. జ్యూరిక్ నుంచి లెటరొస్తే క్లబ్ ఉలిక్కిపడుతుంది. ఢిల్లీలో కూర్చునేది అదే లీగ్‌ని, అవే క్లబ్బుల్ని ఏదోలా నడిపించుకోవాల్సిన ఫెడరేషన్ కమిటీ. మీ మేనేజర్ మీద కంప్లయింట్‌ని మీ కంపెనీ కమిటీకే ఇచ్చినట్టు ఉంటుంది.

ఇంకో మాట. ఈ రూల్స్ అన్నీ ఆటగాళ్ల కోసం. ఫిజియో, కిట్ మేనేజర్, గ్రౌండ్ చూసుకునే మనిషి, మీడియా టీమ్‌లో పనిచేసే మన వయసు అమ్మాయి, వీళ్లెవరికీ 14 బిస్ లేదు. వాళ్లు మామూలు ఉద్యోగుల్లా మన కార్మిక చట్టాల తలుపే తట్టాలి. ఆ చట్టాల సంగతీ చూద్దాం. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లో 'వర్కర్' అంటే ఎవరో రాశారు. అందులో వర్కింగ్ జర్నలిస్టుల పేరు విడిగా ఉంది, సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల పేరు విడిగా ఉంది. క్రీడాకారుడి పేరు లేదు. అంటే లేబర్ ఆఫీసు మెట్లెక్కితే, జీతం సంగతి కంటే ముందు 'నువ్వు వర్కర్‌వేనా?' అనే వాదనతోనే మొదలుపెట్టాలి.

ఓనర్ చేతిలో ఆయుధం పేరు: టైమ్

నాకు అర్థమైనంతలో ఈ గొడవలన్నిటిలో అసలు విషయం ఒకటే. ఫుట్‌బాల్ రూల్స్ ఆటగాడికి వెళ్లిపోయే హక్కు ఇచ్చాయి. చేసిన పనికి డబ్బులు టైమ్‌కి చేతికందే హక్కును అంత గట్టిగా ఇవ్వలేదు. ఈ రెండూ ఒకటి కావు.

ఎందుకంటే వెళ్లిపోవడం ఎవరికి ఈజీ? పేరున్నవాడికి. ఏజెంట్ ఉన్నవాడికి. ఇంకో క్లబ్ ఫోన్ చేసేవాడికి. 19 ఏళ్ల బెంచ్ ప్లేయర్ నోటీసిచ్చి బయటికొస్తే, అతన్ని తీసుకోవడానికి ఎవరు కాచుకుని కూర్చున్నారు? ఐటీలో మార్కెట్ బాగాలేనప్పుడు అప్రైజల్‌లో అన్యాయం జరిగినా నోరు మూసుకుని కూర్చుంటాం చూడండి, అదే పరిస్థితి. హక్కు కాగితం మీద ఉంటుంది, వాడుకునే ధైర్యం మార్కెట్ ఇవ్వాలి.

పైగా ఆటగాడి కెరీర్ ఎన్నేళ్లు? 20కి మొదలైతే 34, 35కి అయిపోతుంది. గాయమైతే ఇంకా ముందే. మనకు ఒక ఏడాది పోతే రెజ్యూమెలో గ్యాప్ అంటారు, ఏదో కోర్సు చేశానని సర్దుకుంటాం. ఫుట్‌బాలర్‌కి ఒక సీజన్ పోవడమంటే మొత్తం కెరీర్‌లో పదిహేనో వంతు పోయినట్టు. కేసు వేసి రెండేళ్ల తర్వాత గెలిచినా, ఆ రెండేళ్ల కాళ్ల బలాన్ని ఏ ట్రిబ్యునల్ తిరిగివ్వదు. బాకీపడ్డ క్లబ్బుకు ఇది తెలుసు. 'వచ్చే నెల చూద్దాం' అంటే చాలు, టైమే మిగతా పని చేసిపెడుతుంది. చివరికి ఆటగాడే 'సగమైనా ఇవ్వండి సార్' అని సెటిల్‌మెంట్‌కి దిగొస్తాడు.

ఓనర్ల మాటా విందాం

ఇందులో ఓనర్లందరూ విలన్లు, ఆటగాళ్లందరూ హీరోలు అని చెప్పడం నా ఉద్దేశం కాదు. క్లబ్ నడపడం కష్టమే. ప్రతి ఏటా కోట్లలో నష్టపోతున్నామని క్లబ్బులు చాలాకాలంగా చెబుతున్నాయి. క్రికెట్‌కి వచ్చే టీవీ డబ్బుల్లో ఫుట్‌బాల్‌కి వచ్చేది చాలా తక్కువ.

2010లో ఫెడరేషన్, ఐఎంజీ-రిలయన్స్ మధ్య 15 ఏళ్ల కమర్షియల్ హక్కుల ఒప్పందం జరిగింది. ఆ పునాది మీదే 2014లో ఐఎస్ఎల్ మొదలైంది. లీగ్ నడిపే సంస్థ ఎఫ్ఎస్‌డీఎల్, ఫెడరేషన్‌కి ఏడాదికి 50 కోట్ల రూపాయలు కడుతూ వచ్చింది. ఒప్పందం గడువు దగ్గరపడుతున్నా కొత్తది కుదరలేదు. 2025 జులైలో సీజన్‌ని పక్కన పెడుతున్నామని ఎఫ్ఎస్‌డీఎల్ చెప్పేసింది. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన మెయిన్ టీమ్ ఆటగాళ్లు, సిబ్బంది జీతాలను నిరవధికంగా నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. చెన్నైయిన్ ఎఫ్‌సీ కూడా కార్యకలాపాలు ఆపేసింది.

కేసు సుప్రీంకోర్టుకు చేరింది. మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎస్. నరసింహ ఉన్న ధర్మాసనం సెప్టెంబర్ 19న ఫెడరేషన్ కొత్త రాజ్యాంగానికి ఆమోదం తెలిపింది. లీగ్ హక్కులకు టెండర్ పిలిచారు. నవంబర్ గడువు ముగిసేసరికి ఒక్క బిడ్ కూడా రాలేదు. 2026 జనవరి మొదట్లో సునీల్ ఛెత్రి, గుర్‌ప్రీత్ సింగ్ సంధు, సందేశ్ జింగన్ లాంటివాళ్లు వీడియోలో కనిపించి, జోక్యం చేసుకోమని ఫిఫాను అడిగారు. దేశం తరఫున ఎక్కువ గోల్స్ కొట్టిన మనిషి, తన ఆట బతికించమని ఫోన్ కెమెరా ముందు అడగాల్సి వచ్చింది. ఆ తర్వాత కొద్ది రోజులకే కేంద్రం కదిలింది. 14 క్లబ్బులతో, ఒకరితో ఒకరు ఒక్కసారే ఆడేలా 91 మ్యాచ్‌ల చిన్న లీగ్ ఫిబ్రవరి 14 నుంచి అని ప్రకటించారు.

ఓనర్ కష్టం నిజమే అనుకుందాం. కానీ రిస్క్ ఎవరిది అనేది అసలు ప్రశ్న. లాభమొస్తే అది ఓనర్‌ది. నష్టమొస్తే ఆటగాడి జీతంలోంచి ఎలా పోతుంది? స్టార్టప్‌లో చేరినవాడికి కనీసం ఇసాప్స్ అని ఆశ చూపిస్తారు. ఆటగాడికి అదీ లేదు. కాంట్రాక్ట్ మీద ఓనర్ సంతకం కూడా ఉంది కదా!

వేరేవాళ్లు ఎలా గెలిచారు?

ఈ గొడవ మనతో మొదలవలేదు. ఇంగ్లండ్‌లో 1961 దాకా ఆటగాడి జీతానికి సీలింగ్ ఉండేది. వారానికి 20 పౌండ్లు మించకూడదు. జిమ్మీ హిల్ అనే ఆటగాడు యూనియన్ లీడరయ్యాడు. ఆటగాళ్లందరూ స్ట్రైక్‌కి రెడీ అయ్యారు. స్ట్రైక్ జరగకముందే జనవరిలో ఓనర్లు దిగొచ్చారు, సీలింగ్ పోయింది.

జీతం సంగతి తేలినా ఇంకో ముడి మిగిలింది. కాంట్రాక్ట్ అయిపోయినా క్లబ్ వదిలితే తప్ప ఆటగాడు వేరే చోటికి పోవడానికి లేదు. జార్జ్ ఈస్టమ్ అనే ఆటగాడు న్యూకాజిల్ నుంచి వెళ్తానంటే క్లబ్ పోనివ్వలేదు. ఆయన ఆట మానేసి, కొన్నాళ్లు కార్క్ అమ్ముకునే ఉద్యోగం చేశాడు కానీ తగ్గలేదు. 1963లో కోర్టు ఆ పద్ధతి అన్యాయమని చెప్పింది. ఆ ముడి యూరప్ మొత్తంలో పూర్తిగా విడిపోవడానికి ఇంకో 32 ఏళ్లు పట్టింది. బెల్జియంలో జాన్ మార్క్ బోస్మన్ అనే పెద్దగా పేరులేని ఆటగాడు ఐదేళ్లు కేసు నడిపాడు. 1995 డిసెంబర్ 15న యూరప్ కోర్టు తీర్పు: కాంట్రాక్ట్ ముగిస్తే ఆటగాడు ఫ్రీ. ఇవాళ మీరు వినే 'ఫ్రీ ట్రాన్స్‌ఫర్' ఆయన పుణ్యమే. తీర్పు వచ్చేసరికి ఆయన కెరీర్ అయిపోవచ్చింది. టైమ్ గురించి పైన చెప్పింది అదే.

స్పెయిన్ మాట మనకు ఇంకా దగ్గర. 2011 ఆగస్టులో, మెస్సీ బార్సిలోనాలో మంచి ఊపులో ఉన్న రోజుల్లో, లా లిగా మొదటి వారం మ్యాచ్‌లు జరగలేదు. కారణం జీతాలే. 200 మందికి పైగా ఆటగాళ్లకు దాదాపు 5 కోట్ల యూరోల బాకీ ఉంది. స్ట్రైక్ చేసింది బాకీ ఉన్నవాళ్లు ఒక్కరే కాదు. బ్యాంకులో డబ్బు పుష్కలంగా ఉన్న స్టార్లు కూడా చిన్న క్లబ్బుల ఆటగాళ్ల కోసం ఆగారు. వారంలోపే ఒప్పందం కుదిరింది.

ఓడిపోయిన కథ కూడా చెప్పాలి. 1987లో అమెరికాలో వాళ్ల తరహా ఫుట్‌బాల్ ఆటగాళ్లు స్ట్రైక్ చేశారు. ఓనర్లు ఒక వారం మ్యాచ్‌లు రద్దు చేసి, తర్వాత వారం నుంచి ఎవరో దొరికిన ఆటగాళ్లతో లీగ్ నడిపించేశారు. జీతం కట్ అవుతుంటే స్టార్లు కొందరు మధ్యలోనే తిరిగొచ్చేశారు. 24 రోజుల్లో స్ట్రైక్ కూలిపోయింది. ఆ తర్వాత కోర్టులో పోరాడి, 1993కి గానీ వాళ్లకు కావాల్సింది రాలేదు.

రెండిట్లో తేడా చూడండి. స్పెయిన్‌లో పెద్దోడు చిన్నోడి కోసం ఆగాడు. అమెరికాలో పెద్దోడే ముందు గేటు దాటాడు.

పోలీసు ఉద్యోగం ఉన్న రోజులు

మన హైదరాబాద్‌కి దీనికి ఇంకో జవాబు ఒకప్పుడు ఉండేది. 1950ల్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తాతో పాటు హైదరాబాద్ పేరు చెప్పేవాళ్లు. సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీం సాబ్ కోచింగ్‌లో ఇండియా 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకు ఈ కథ కొంత తెలుసు.

ఆ టీమ్ ఆటగాళ్లు డిపార్ట్‌మెంట్ ఉద్యోగులు. జీతం ఎక్కువేం కాదు. కానీ ఒకటో తారీఖుకు ఒక లెక్క ఉండేది. మోకాలు పోయినా ఉద్యోగం ఉండేది. ఆట అయిపోయాక ఇల్లు గడిచేది. ఆ రోజులే గొప్పవని అనట్లేదు. అప్పుడు ఆటగాడు రేటు అడగలేడు, ట్రాన్స్‌ఫర్ అడగలేడు. ప్రొఫెషనల్ లీగ్ వచ్చాక టాప్ ఆటగాడు ఏడాదికి కోటి దాటి సంపాదించే చాన్స్ వచ్చింది. మంచిదే. కాకపోతే పాత పద్ధతిలో ఉన్న ఒక్క భద్రతను తీసేసి, దాని స్థానంలో ఏమీ పెట్టలేదు.

ఏం పెట్టాలో కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఇల్లు అద్దెకిస్తే రెండు నెలల అడ్వాన్స్ తీసుకుంటాం. రోడ్డు కాంట్రాక్టర్ టెండర్ వేస్తే బ్యాంక్ గ్యారంటీ అడుగుతారు. క్లబ్బుకు ప్రతి సీజన్ లైసెన్స్ ఇచ్చేముందు కొన్ని నెలల జీతాల మొత్తం బ్యాంక్ గ్యారంటీగా కట్టించుకోవచ్చు. జీతం రెండు నెలలు ఆగితే ఆటగాడు నోటీసివ్వక్కర్లేదు, కేసు వేయక్కర్లేదు, ఆ డబ్బులోంచి నేరుగా పడిపోవాలి. అప్పుడు టైమ్ ఓనర్ ఆయుధం కాదు. ఫిజియో జీతం, కిట్ మేనేజర్ జీతం కూడా అందులోనే లెక్కపెట్టాలి.

రెండోది, సమష్టి ఒప్పందం. యూరప్‌లో చాలా లీగుల్లో యూనియన్, క్లబ్బులు కూర్చుని కనీస జీతం, గాయమైతే ఏంటి, లీగ్ ఆగితే ఏంటి అని ముందే రాసుకుంటాయి. మన లీగ్‌లో అలాంటిది లేదు. 2006లో బైచుంగ్ భూటియా, రెనెడీ సింగ్ లాంటివాళ్లు ఆటగాళ్ల సంఘం పెట్టారు. సంఘం ఉంది, గొడవలొచ్చినప్పుడు మాట్లాడుతుంది. దాంతో సంతకాలు చేసి తీరాల్సిన పరిస్థితి క్లబ్బులకు రావాలి. అది రావాలంటే ఛెత్రి లాంటివాళ్లు వీడియోలో కనిపించినట్టే, పేరులేని కుర్రాడి బాకీ కోసం గ్రౌండ్‌లో కూడా ఆగాలి.

మొయినాబాద్ రోడ్డు మీద

ఇదంతా ఎంకపల్లిలో కూర్చుని నేనెందుకు రాస్తున్నానంటే, ఫుట్‌బాల్ ఇప్పుడు మా మండలం దాకా వచ్చేసింది. వీసా కోసం చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేయడానికి వెళ్లేవాళ్లు అజీజ్‌నగర్ దాటే వెళ్తారు. శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ హోమ్ గ్రౌండ్ డెక్కన్ ఎరీనా అక్కడే. 2022-23లో, 2023-24లో వరసగా రెండేళ్లు ఆ టీమ్ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. మొయినాబాద్, చేవెళ్ల వైపు పిల్లలకు ప్రొఫెషనల్ మ్యాచ్ అంటే ఇక టీవీలో కనిపించేదే కాదు. క్రికెట్ బ్యాట్ పక్కన పెట్టి స్టడ్స్ కొనమని అడిగే పిల్లలు మా దగ్గర కూడా ఉన్నారు.

వాళ్లలో ఎవరైనా రేపు ఏ ఊరి క్లబ్బులోనైనా సంతకం పెట్టే రోజొస్తే, ఇంట్లో చదువుకున్నవాళ్లు మీరే అయితే, ఈ నాలుగూ చూడండి.

ఒకటి, కాంట్రాక్ట్ కాపీ మీ చేతికి రావాలి. 'ఆఫీసులో ఉంటుందిలే' అంటే ఒప్పుకోవద్దు. ప్రతి పేజీ ఫొటో తీసి పెట్టుకోండి.

రెండు, ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ సిస్టమ్, సీఆర్ఎస్‌లో ఆటగాడి పేరు ఎక్కిందో లేదో చూసుకోండి. 18 ఏళ్ల లోపు పిల్లలతో మూడేళ్లకు మించిన కాంట్రాక్ట్ చేయించడానికి ఫిఫా రూల్స్ ఒప్పుకోవు.

మూడు, జీతం బ్యాంక్ ద్వారానే. చేతికిచ్చే డబ్బుకు రేపు సాక్ష్యం ఉండదు. 'కాంట్రాక్ట్‌లో ఇంత రాద్దాం, మిగతాది బయట ఇస్తాం' అంటే ఆ మిగతాది రాదని అనుకోండి.

నాలుగు, జీతం ఆగితే ఫోన్లో అడిగి వదిలేయొద్దు. మెయిల్ పెట్టండి. తేదీ, ఏ నెల, ఎంత బాకీ. 14 బిస్ అడిగేది రాతపూర్వక నోటీసే. మంచి మనసుతో ఆరు నెలలు ఓపిక పట్టినవాడి కంటే, రెండు నెలలకు మెయిల్ పెట్టినవాడి కేసే గట్టిగా నిలుస్తుంది.

ఇది క్లబ్‌ని అనుమానించడం కాదు. మనం ఆఫర్ లెటర్‌లో సీటీసీ, ఇన్‌హ్యాండ్ లెక్కలు వేసుకుని, నోటీస్ పీరియడ్ చూసుకుని, నలుగురు సీనియర్లను అడిగిగానీ సంతకం పెట్టం. 18 ఏళ్ల కుర్రాడు మాత్రం జెర్సీ మీద తన పేరు చూసి ఆ సంబరంలో సంతకం పెట్టేస్తాడు. వాడి పక్కన కూర్చుని చదవడానికి ఒకరుండాలి. మనకు ఫుట్‌బాల్ రాకపోయినా కాంట్రాక్ట్ చదవడం వచ్చు.

ఇక అభిమానులుగా మనం చేయగలిగింది చిన్నదే, కానీ ఉంది. క్లబ్ పేజీలో కొత్త జెర్సీ ఫొటో పెట్టినప్పుడు లైక్ కొట్టండి, తప్పులేదు. కిందే ఒక కామెంట్ కూడా పెట్టండి: 'పోయిన నెల జీతాలు పడ్డాయా అన్నా?' వందమంది అడిగితే జవాబు చెప్పక తప్పదు. మళ్లీ ఎప్పుడైనా ఎవరో పెద్ద స్టార్ మన ఊరికొచ్చి స్టేడియం నిండితే, ఆ రోజు కూడా ఇదే అడుగుదాం.